బిట్లు సరే, బయోటెక్నాలజీని చేత్తో చేయించేది ఎప్పుడు?

సంపాదకులు గారికి,

ఇంటర్ రెండో ఏడాది బైపీసీ పిల్లలు ఆరోగ్యం, బయోటెక్నాలజీ పాఠాలు చదువుతున్న తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. నీట్‌లో 180 ప్రశ్నలుంటే 90 జీవశాస్త్రానివే. 720 మార్కుల్లో 360 అక్కడివే. తప్పు రాస్తే ఉన్న మార్కుల్లోంచి ఒకటి పోతుంది. కాబట్టి బిట్లు రుద్దించడాన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. కానీ వ్యాధులు, సూక్ష్మజీవులు, డీఎన్‌ఏ, బయోటెక్నాలజీ అనే ఈ పాఠాల్లో చేసి చూడదగ్గవి చాలా ఉన్నాయి. విశాఖలో ఎక్కువ చోట్ల అవి రికార్డులో బొమ్మ గీయడంతోనే ముగిసిపోతున్నాయి. ప్రాక్టికల్ పరీక్షకు కొద్ది రోజుల ముందు ల్యాబు తాళం తీసి, స్పాటర్లు, అంటే పరీక్షలో పేరు చెప్పమని పెట్టే నమూనాలు, వరసగా చూపించి, మళ్లీ తాళం వేస్తున్నారు.

డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసే పీసీఆర్ యంత్రాలు, ఖరీదైన ఎంజైములు ఎక్కడ తెస్తాం అని యాజమాన్యాలు అంటాయి. ఈ పాఠాల్లో చాలా భాగానికి అవేవీ అక్కర్లేదు. రైతుబజార్‌లోనూ, కిరాణా కొట్టులోనూ దొరికే సరుకు చాలు. మాటవరసకు అంటున్నది కాదు కాబట్టి కొలతలతో సహా రాస్తున్నాం.

మొదట డీఎన్‌ఏ బయటకు తీయడం. దీనికి అరటిపండు వాడటం అలవాటైపోయింది. మా సలహా పచ్చి బఠాణీ. పండిన అరటిలో పెక్టిన్ ఎక్కువ. ఆల్కహాల్ పోయగానే అదీ తెల్లగా విరుగుతుంది, పిల్లలు దాన్నే డీఎన్‌ఏ అనుకుని సంబరపడతారు. 50 గ్రాముల బఠాణీలు, 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు, అర చెంచా ఉప్పు మిక్సీలో వేసి పది, పదిహేను సెకన్లు తిప్పాలి. మెత్తగా రావాలని నిమిషాల తరబడి తిప్పితే పొడవాటి డీఎన్‌ఏ పోగులు ముక్కలైపోతాయి, చివర్లో కడ్డీకి చుట్టుకోవడానికి ఏమీ మిగలదు. పల్చటి గుడ్డలో వడకట్టి, ఆ నీటిలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ పోసి నురగ రాకుండా నెమ్మదిగా కలపాలి. కణం చుట్టూ, కేంద్రకం చుట్టూ ఉండే పొరలు కొవ్వుతో కట్టినవి కాబట్టి డిటర్జెంట్‌కు విడిపోతాయి. నురగ వచ్చిందంటే ఆల్కహాల్ పొర దాని మీద సరిగా నిలవదు.

ఇప్పుడు గిన్నెను 60 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచి, వెంటనే మంచులో ఐదు నిమిషాలు పెట్టాలి. థర్మామీటర్ లేకుండా ఈ పని చేయించకండి. నీళ్లు మరీ చల్లగా ఉంటే డీఎన్‌ఏను తినేసే ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. 80 దాటితే డీఎన్‌ఏ జంట పోగులే విడిపోవడం మొదలవుతుంది. తర్వాత తాజా అనాసరసం నాలుగు చుక్కలు వేస్తే అందులోని బ్రొమెలైన్ డీఎన్‌ఏకు అంటుకున్న ప్రోటీన్లను కోస్తుంది. ప్యాకెట్ రసం పనికిరాదు, నిల్వ కోసం వేడి చేసినప్పుడే ఎంజైము చచ్చిపోతుంది.

చివరి అడుగు ఆల్కహాల్. చాలామంది ఇక్కడే పాడుచేస్తారు. 95 శాతం ఇథనాల్ గానీ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ ఉండాలి. శానిటైజర్ పోస్తే ఫలితం సరిగా రాదు, అందులో నీళ్లు ఎక్కువ, పైగా చిక్కదనం కోసం వేరే పదార్థాలు కలిపి ఉంటాయి. సీసాకు మూత గట్టిగా బిగించి, ఉప్పు చల్లిన మంచులో గంటసేపు ఉంచాలి. దగ్గరలో స్పిరిట్ దీపం వెలగకూడదు. టెస్ట్ ట్యూబును ఏటవాలుగా పట్టుకుని, బఠాణీ నీరు ఎంత ఉందో అంతే ఆల్కహాల్‌ను గోడ వెంట జారవిడవాలి. రెండు పొరలూ కలవకూడదు. ఐదు నిమిషాల్లో ఆ రెండు పొరలు తాకే చోట తెల్లటి దారాలు పుట్టి, చిన్నచిన్న గాలిబుడగలను అంటిపెట్టుకుని పైకి లేస్తాయి. గాజుకడ్డీని ఒకే వైపు తిప్పితే జిగురుగా చుట్టుకుని వస్తాయి. ఎందుకు అలా బయటపడ్డాయో అక్కడికక్కడే అడగాలి. డీఎన్‌ఏ వెన్నులో ఉన్న ఫాస్ఫేట్లకు ఋణావేశం ఉంటుంది. ఉప్పులోని సోడియం దాన్ని కప్పేస్తుంది, చుట్టూ ఉన్న నీటి పట్టును ఆల్కహాల్ తగ్గిస్తుంది, ఇక కరిగి ఉండటానికి డీఎన్‌ఏకు ఆధారం లేక బయటపడుతుంది. ఉప్పు వేయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు పిల్లల నోటి నుంచే వస్తుంది.

దీని పక్కనే రెండో ట్యూబు తప్పనిసరిగా ఉండాలి. అదే బఠాణీ నీరు, అదే ఆల్కహాల్, డిటర్జెంట్ మాత్రం లేదు. అందులో విరిగినది చాలావరకు పిండిపదార్థాలు, ప్రోటీన్లు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే శాస్త్రంలో కంట్రోల్ అంటే ఏమిటో తెలుస్తుంది. వచ్చింది డీఎన్‌ఏయేనా అని ఇంకా అనుమానం ఉంటే డైఫినైల్ అమీన్ పరీక్ష ఉంది. ఆ కారకంతో మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచితే నీలం రంగు వస్తుంది. అందులో గాఢ ఆమ్లాలు ఉంటాయి కాబట్టి అది అధ్యాపకులే కళ్లద్దాలు పెట్టుకుని చేసి చూపించాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఇక కత్తెర, కాగితం. డీఎన్‌ఏను ఒక వరుస గుర్తుపట్టి కోసే రిస్ట్రిక్షన్ ఎంజైమ్ పాఠంలో పాలిండ్రోమ్‌ను, ఎటునుంచి చదివినా ఒకటే అయిన వికటకవి అనే మాటతో పోల్చి వదిలేస్తే పిల్లలు డీఎన్‌ఏ అక్షరాల్లో జీ-ఏ-ఏ-జీ కూడా పాలిండ్రోమే అంటారు. డీఎన్‌ఏలో లెక్క వేరు. ప్రతి పోగుకూ ఒక చివర పేరు 5 ప్రైమ్, రెండో చివర పేరు 3 ప్రైమ్. పై పోగును 5 ప్రైమ్ నుంచి 3 ప్రైమ్‌కు చదివితే ఏం వస్తుందో, కింది పోగును దాని 5 ప్రైమ్ నుంచి చదివితే కూడా అదే రావాలి. ఇకో ఆర్ ఒన్ అనే ఎంజైము గుర్తించే జీ-ఏ-ఏ-టీ-టీ-సీ అలాంటిది. రెండు వరుసలూ కాగితం మీద రాయించి, ప్రతి పోగులోనూ జీ, ఏ మధ్య కత్తిరించమనండి. ముక్కలు మెట్టుగా విడిపోయి, ఏ-ఏ-టీ-టీ తోకలు రెండువైపులా వేలాడతాయి. పక్క బల్ల వాళ్ల ముక్క తెచ్చి అతికిస్తే సరిపోతుంది. రీకాంబినెంట్ డీఎన్‌ఏ అన్న మాటకు అర్థం అక్కడ కళ్లకు కనిపిస్తుంది. ఆపైన ముక్కలను అతికించే లైగేజ్ ఎంజైము ఎందుకు కావాలో మళ్లీ చెప్పనక్కర్లేదు.

పీసీఆర్ కూడా ఇంతే. పొడవాటి కాగితపు పట్టీలు రెండు, ప్రతి తీయడం ఎక్కడ మొదలవ్వాలో చూపే ప్రైమర్లకు గుర్తుగా రెండు రంగుల చిన్న పట్టీలు ఇచ్చి మూడు చక్రాలు చేయించాలి. 94 డిగ్రీల దగ్గర విడదీయడం, సుమారు 55 దగ్గర ప్రైమర్ అతికించడం, 72 దగ్గర పొడిగించడం. ఒక్కో ఉష్ణోగ్రత పేరు పలికాకే ఆ పని చేయాలి. మనకు కావలసిన కొలతకు సరిగ్గా తెగిన జంట ముక్క మొదటి చక్రంలో రాదు, రెండో చక్రంలోనూ రాదు. మూడో చక్రం చివర ఎనిమిదింటిలో రెండు మాత్రమే సరైన కొలతవి. ఈ సంగతి పుస్తకం చదివితే బుర్రకెక్కదు, పట్టీలు పేర్చినవాళ్లకు ఒక్కసారికే తెలుస్తుంది. 30 చక్రాలకు మొత్తం 107 కోట్లకు పైగా ప్రతులు అవుతాయి, వాటిలో కొలత తప్పినవి 60 మాత్రమే. ఒక్కో చక్రానికి రెండు చొప్పున అవి పెరుగుతాయి కాబట్టి లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. బైపీసీ అంటే లెక్కలు అక్కర్లేదన్న భ్రమ పోవడానికి కూడా ఇది మంచి చోటు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 95 శాతం ఆల్కహాల్ నుంచి 100 మిల్లీలీటర్ల 70 శాతం ఆల్కహాల్ చేయమంటే, పిల్లల్లో ఎక్కువమంది 70 మిల్లీలీటర్లు తీసుకుని 30 నీళ్లు పోస్తారు. వచ్చేది సుమారు 66 శాతమే. 73.7 మిల్లీలీటర్లు తీసుకుని 100 గీత దాకా నీళ్లు పోయాలి. పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబుకు వెళ్లినా, ఆసుపత్రి ల్యాబులో చేరినా రోజూ చేసే పని ఇదే. డిగ్రీలో నేర్చుకుంటార్లే అని వదిలేయకుండా ఇంటర్‌లోనే నాలుగైదుసార్లు చేయిస్తే చెయ్యి తిరుగుతుంది.

కరెంటుతో డీఎన్‌ఏ ముక్కలను వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌కు, జెల్ తయారీకి వాడే అగరోజ్ కొనలేకపోతే కిరాణా కొట్టులో చైనా గ్రాస్ దొరుకుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల వంటసోడా కలిపితే బఫర్ తయారు. ఆ నీరు 100 మిల్లీలీటర్లకు ఒక గ్రాము చైనా గ్రాస్ వేసి, ఒక్క గింజా కనిపించనంత తేటగా మరిగించాలి. 60 డిగ్రీలకు దిగాక ప్లాస్టిక్ డబ్బాలో పోయాలి. పాత ప్లాస్టిక్ కార్డును పళ్లలా కత్తిరిస్తే, రంగు పోసే గుంటలు చేయడానికి దువ్వెన అవుతుంది. దాని పళ్లు డబ్బా అడుగుకు తగలకూడదు, తగిలితే గుంటకు అడుగు ఉండదు, పోసిన రంగు కిందికి జారిపోతుంది. అరగంటకు గట్టిపడ్డాక, పైన రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు బఫర్ పోసి, అప్పుడే దువ్వెన నిటారుగా లాగాలి. పొడిగా ఉన్నప్పుడు లాగితే గుంటలు చిరుగుతాయి.

తొమ్మిది వోల్టుల బ్యాటరీలు ఐదు వరసగా కలిపితే 45 వోల్టులు. ఇంటి కరెంటు ప్లగ్గు ఈ పనికి దరిదాపుల్లో ఉండకూడదు. రెండు చివర్లా స్టీల్ తీగ. రాగి తీగ పెడితే అది కరిగి జెల్ పచ్చబడుతుంది. వంటసోడా బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, జెల్ వేడెక్కుతుంది. డీఎన్‌ఏ బదులు మిఠాయిల్లో వేసే రంగులు వాడి, వాటికి ఒక్కో చుక్క గ్లిజరిన్ కలపాలి, లేకపోతే రంగు గుంటలో దిగకుండా నీటిలో తేలిపోతుంది. ఆ రంగులకూ ఋణావేశమే కాబట్టి గుంటలు ఋణ ధ్రువం వైపు ఉండాలి. ఏ తీగ ఏదో మరిచిపోతే బుడగలు చూడండి. ఋణ ధ్రువం దగ్గర హైడ్రోజన్, ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్ కంటే రెట్టింపు వస్తుంది. పిల్లలకు ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. రంగుల విషయంలో సైజుతోపాటు ఆవేశం తేడా కూడా వేగాన్ని మారుస్తుంది. డీఎన్‌ఏలో పొడవుకు తగ్గట్టే ఆవేశం ఉంటుంది కనుక జెల్‌లో వేరుపడేది పొడవును బట్టే. ఈ తేడా చెప్పకపోతే ప్రయోగం తప్పుడు పాఠం నేర్పుతుంది. అసలు డీఎన్‌ఏ జెల్ చేసే స్తోమత ఉన్న కాలేజీలకు మా విన్నపం, డీఎన్‌ఏ కనిపించడానికి వాడే ఎథిడియం బ్రోమైడ్ జోలికి పోవద్దు. అది డీఎన్‌ఏలో చొరబడే పదార్థం. పిల్లల ల్యాబుకు మిథిలీన్ బ్లూ చాలు.

సూక్ష్మజీవుల పాఠానికి, ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్ లేకపోయినా ప్రెషర్ కుక్కర్ ఉంది. పది ప్లేట్లకు 200 మిల్లీలీటర్ల నీటిలో సూక్ష్మజీవులకు ఆహారమయ్యే న్యూట్రియెంట్ అగార్ 5.6 గ్రాములు. ఫ్లాస్కులో సగానికి మించి పోయకుండా దూది బిరడా పెట్టి, మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి అరగంట. ఆవిరి తనంతట తానే దిగాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే ద్రవం పొంగి బిరడా తడిసిపోతుంది, ఇక శుద్ధి చేసి ప్రయోజనం ఉండదు. 50 డిగ్రీలకు చల్లారాక, ఫ్యాను ఆపి, ప్లేట్లలో పోయాలి. వేడివేడిగా పోస్తే మూత లోపల నీటి బొట్లు పడతాయి. విశాఖ తేమకు ఈ బాధ మరీ ఎక్కువ. ఆ బొట్టు జెల్ మీద జారితే విడివిడిగా రావలసిన కాలనీలన్నీ ఒకటైపోతాయి. గట్టిపడ్డాక ప్లేటును తలకిందులుగా పెట్టడం అందుకే.

కడగని వేలు, సబ్బుతో కడిగిన వేలు, ఏమీ తాకించని ప్లేటు, ఈ మూడూ చాలు. గొంతు, ముక్కు నుంచి తీసిన నమూనాలు వద్దు. 37 డిగ్రీల్లో పెంచడమూ వద్దు, మన ఒంట్లో పెరిగే క్రిములకు ఆ వేడే నచ్చుతుంది. మామూలు గది వేడి చాలు. ప్లేటుకు టేపు వేశాక మళ్లీ తెరవకూడదు. చూసి, లెక్కపెట్టి, అలాగే కుక్కర్లో అరగంట ఉడికించి పారేయాలి.

ఆరోగ్యం పాఠానికి వస్తే, రక్తం గ్రూపు పరీక్ష పిల్లలకు ఇష్టం. ఇందులో వాడే సీరాల్లో యాంటీ-ఏ నీలం, యాంటీ-బీ పసుపు, యాంటీ-డీకి రంగు ఉండదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచని సీరం, గడువు దాటిన సీరం తప్పు చెబుతాయి. చుక్క రక్తం, చుక్క సీరం, ఒక్కోదానికి వేరే పుల్ల. రెండు నిమిషాల్లోపే చూసి రాయాలి. ఆలస్యమైతే అంచులు ఎండి గడ్డకట్టినట్టు కనిపిస్తాయి, ఓ గ్రూపు పిల్లవాడికి ఏబీ అని రాసేస్తారు. లాన్సెట్ ఒక్కరికి ఒక్కటే. వాడినది గుచ్చుకోని తెల్లటి డబ్బాలో వేయాలి, 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు చెప్పేది అదే. తల్లిదండ్రుల సంతకం, ల్యాబ్ టెక్నీషియన్ లేకుండా ఈ పరీక్ష పెట్టకూడదు. ఇక్కడ వచ్చిన ఫలితాన్ని రక్తం ఎక్కించడానికి ఎవరూ వాడకూడదు.

వానాకాలం వస్తే ఇంటింటా వినపడే డెంగీ పరీక్షను క్లాసులో వివరించకపోవడం మాకు వింతగా ఉంటుంది. జ్వరం మొదటి రోజుల్లో రాసే ఎన్ఎస్1 పరీక్ష వైరస్ ప్రోటీన్‌ను వెతుకుతుంది. నాలుగైదు రోజులు దాటాక రాసే ఐజీఎం పరీక్ష మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీని వెతుకుతుంది. యాంటీజెన్, యాంటీబాడీ తేడాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది? మొదటి రోజే ఐజీఎం నెగెటివ్ వచ్చిందని ఊరుకుంటే ఏమవుతుందో పిల్లలే చెప్పగలరు.

అన్నిటికంటే ముఖ్యంగా మేం కోరేది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ మీద పూర్తి క్లాసు. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చి విశాఖ హాస్టళ్లలో ఉండి చదివే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు, వాళ్ల ఊళ్లలో ఈ జబ్బు ఉంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని కేంద్రం 2023లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. పుస్తకంలో ఇది మూడు చోట్ల ముక్కలుగా ఉంది. హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం పోయి వేలిన్ వచ్చింది, డీఎన్‌ఏలో జీ-ఏ-జీ కాస్తా జీ-టీ-జీ అయింది. ఇది జన్యువుల పాఠం. జబ్బు లేకున్నా ఆ జన్యువు ఒకటి మోస్తున్న, అంటే వాహకులైన తల్లికీ తండ్రికీ పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగోవంతు. ఇది వంశవృక్షం పాఠం. ఇక బయోటెక్నాలజీ పాఠం చూడండి. ఆ ఒక్క అక్షరం మారడంతో ఎంఎస్‌టీ టూ అనే ఎంజైము కోసే చోటు చెరిగిపోతుంది. మామూలు జన్యువు 1150, 200 బేస్ జతల ముక్కలుగా తెగితే, సికిల్ జన్యువు 1350 జతల ఒకే ముక్కగా ఉండిపోతుంది. వాహకుల జెల్‌లో ఎన్ని గీతలు, ఎక్కడెక్కడ అని అడగండి. మూడు గీతలు గీయగలిగిన విద్యార్థికి మూడు పాఠాలూ వచ్చినట్టే.

ఈ క్లాసులో ఒక జాగ్రత్త తప్పదు. తరగతిలో ఎవరి రక్తానికీ సికిల్ పరీక్ష చేయకూడదు, ఎవరి ఊరు, ఎవరి తెగ అని వేలు పెట్టి చూపకూడదు. సికిల్ హిమోగ్లోబిన్ కరగకపోవడాన్ని చూసే సాల్యుబిలిటీ పరీక్ష వాహకులనూ రోగులనూ విడదీసి చెప్పలేదు, ఆరు నెలల లోపు పసిబిడ్డల్లో తప్పు కూడా చూపుతుంది. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరీక్షతోనే నిర్ధారణ. అది ఆసుపత్రి పని.

రీకాంబినెంట్ ఇన్సులిన్ పాఠం చెప్పేటప్పుడు 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకాను కూడా చెప్పండి. అది ఈస్ట్ కణాల్లో తయారైంది. ఇన్సులిన్‌కు బాక్టీరియా ఎందుకు సరిపోయింది, టీకాకు ఈస్ట్ ఎందుకు ఎంచుకున్నారు అన్న చర్చ అరగంట నడుస్తుంది.

కాలేజీలను మేం అడుగుతున్నది దసరాకూ సంక్రాంతికీ మధ్య ఆరు శనివారాలు, మధ్యాహ్నం రెండేసి గంటలు. మొదటివారం బఠాణీ డీఎన్‌ఏ, తర్వాత కాగితపు పీసీఆర్, ఆ తర్వాత జెల్, రెండు వారాలు ప్లేట్లు, చివరి వారం రక్తం గ్రూపు, సికిల్ సెల్. ఒక్కో బల్లకు నలుగురికి మించి ఉండకూడదు, మించితే ఇద్దరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఇంటర్ బోర్డుకు ఒక విన్నపం. ప్రాక్టికల్ పరీక్షలో స్పాటర్ పేరు అడగడంతోపాటు డిటర్జెంట్ లేని ట్యూబు ఎందుకు పెట్టారు, ప్లేటు ఎందుకు తిరగేశారు అనే ప్రశ్న ఒక్కటి మార్కులతో చేర్చండి. తల్లిదండ్రులు అడ్మిషన్ రోజున ఫీజు, ర్యాంకులతోపాటు ల్యాబు తాళం ఏ నెలలో తీస్తారో కూడా అడగాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఇంటర్ బైపీసీ జీవశాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
విశాఖపట్నం